మంచిగున్నవ్

కారులో పాటలు లేవు. దయాకర్ కారులో పాటలు లేకపోవడం నేను ఇంతవరకు చూడలేదు. మా సందులోకి ముందు పాట వచ్చేది, దాని వెనక కారు వచ్చేది, నిద్రపోయే పిల్లలు లేస్తారని ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు, వాడు నవ్వుకుంటూ ఇంకొంచెం పెంచేవాడు. ఈ పొద్దు ఏడున్నరకు శంషాబాద్ విమానాశ్రయం బయట నన్ను ఎక్కించుకున్నప్పటి నుంచి వాడి చెయ్యి ఆ మీట వైపే పోలేదు. వాడి పక్కన మా తమ్ముడు పరమేష్ కూర్చున్నాడు. వెనక నేను, నా ఒళ్ళో చేతి సంచి, నా పక్కన ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరు నాది కాదు. నేను ఎక్కేసరికే సీటు మధ్యలో మూడో మనిషిలాగా కూర్చుని ఉంది. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఉన్న బట్టల షాపు కవరు అది, పేరు చదవక్కర్లేదు, ఆ ఆకుపచ్చ గీతలు చూస్తే చాలు. లోపల ఏముందో అడగొచ్చు. నోరు తెరిస్తే చాలు. కానీ నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను, దారి పక్క పూల మొక్కలను ఎప్పుడూ చూడని దానిలాగా.

పరమేష్ నన్ను చూసి నవ్వుతాడని అనుకున్నాను. విమానంలో ఐదు గంటలు అదే అనుకున్నాను. నల్ల ప్యాంటు, మోకాళ్ళ దాకా వచ్చే ఎర్ర పూల చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు; నలభై ఆరేళ్ళ నీలమ్మ, చెరువు కట్ట మీద చేపలమ్మే నీలమ్మ, ఈ వేషంలో బయటికి వస్తే వాడు పగలబడి నవ్వాలి, ఏందక్కా సినిమల వేషం దొరికిందా అనాలి, నేను నోర్ముయ్ రా అనాలి. ఆ మాట కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. చేతిలో సంచి తీసుకున్నాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, "కారు గాడున్నది" అన్నాడు. మీ బావ రాలేదేం రా అని అడిగితే "జరం ఇంకా తగ్గలేదక్కా" అన్నాడు. ఫోన్ కలుపు మాట్లాడతా అంటే "గొంతు పట్టేసిందని చెప్పిన గద. ఇంటికే పోతున్నం" అన్నాడు. నిజమే, ఇంటికే పోతున్నాం. గంట కూడా పట్టదు. ఐదు రోజులు ఆగినదాన్ని గంట ఆగలేనా. జ్వరం మనిషి విమానాశ్రయానికి ఎందుకు వస్తాడు, ఇంట్లో పడుకుని ఉంటాడు, నేను పోగానే మూతి తిప్పుకుని ఈ ప్యాంటు చూసి ఏదో ఒకటి అంటాడు. అంటాడు. బుధవారం సాయంత్రం మెసేజ్ పెట్టినవాడు శుక్రవారం పొద్దున అనలేడా.

కారు ఔటర్ రింగు రోడ్డు ఎక్కింది. ఎడమ పక్క గుట్టల మీద మబ్బు దిగి ఉంది. నా ఒంటి మీద ప్యాంటు ఎలా వచ్చిందో నా మొగుడు ముత్యాలుకు మొదటి నుంచి చెప్పాలి, వాట్సాపులో చెప్పే కథ కాదది. అసలు నా కట్టు ఎవరికి తెలియదు? కాఫీ పొడి రంగు, నేరేడు పండు రంగు, ముదురు ఆకుపచ్చ, ఇవి తప్ప నేను కట్టను; చేప పొలుసు, నెత్తురు మరక కనబడని రంగులు. మోచేతి దాకా జాకెట్, కొంగు తెచ్చి నడుముకు బిగించి దోపుకోవడం, రూపాయంత బొట్టు. చేపల బుట్ట ముందు కూర్చున్నా పెళ్ళికి పోయినా అదే. పక్క ఊరు మంచాల నుంచి వచ్చే బేరగాళ్ళు కూడా నీలమ్మ కాడ చేప కొంటే నీసు వాసన రాదని అంటారు, వాసన వస్తుంది, నేను కట్టుకున్న తీరుకు వాళ్ళకు తెలియదు. కొత్త చీర కట్టినప్పుడల్లా ముత్యాలు ముందు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేదాన్ని. ఇరవై ఏడేళ్ళు తిరిగాను. వాడు వల చిక్కులు తీస్తూ తల ఎత్తకుండానే "ఎవరికి చూపిస్తవే, చేపలకా?" అనేవాడు. బాగుంది అనడానికి వాడి నోట్లో ముల్లు ఏదో అడ్డం ఉండేది. మహిళా మత్స్య సంఘం నుంచి పన్నెండు మందిని వియత్నాం తీసుకపోతున్నారు, చేపలు ఎలా పెంచుతారో ఎలా ఎండబెడతారో చూపిస్తారు అని తెలిసినప్పుడు నాలుగు కొత్త చీరలు కొన్నాను. "గంత దూరం పోయి కూడ చేపలకేనా చూపిచ్చేది" అన్నాడు. అన్నాడు కానీ పోయే రోజు నా చేతి సంచిలో తన గళ్ళ లుంగీ మడిచి కుక్కాడు. అగ్గిపెట్టె ఒక కవర్లో బీడీలు ఒక కవర్లో కట్టుకుని తెప్ప ఎక్కే మనిషి, నీళ్ళను నమ్మడు, గాలిని అసలే నమ్మడు. "పెద్ద సంచి రాకపోతె ఏం కట్టుకుంటవ్" అన్నాడు. లుంగీ కట్టుకుంటానా అని నేను వెక్కిరించాను. వాడు సంచి మూతికి ఒకటికి రెండు ముళ్ళు వేశాడు.

పెద్ద సంచి రాలేదు. సంఘం వాళ్ళు పన్నెండు మందికీ ఒకే రకం నీలం సంచులు ఇచ్చారు, గుర్తుకు ఎర్ర గుడ్డ పేలిక కట్టుకుంటే దొరుకుతుందని నేనే సలహా చెప్పాను, పన్నెండు మందీ పన్నెండు ఎర్ర పేలికలు కట్టారు. అక్కడ విమానం దిగాక ఆ తిరిగే పట్టా మీద పదకొండు వచ్చాయి. పదకొండు మంది తలా ఒకటి లాక్కున్నారు. నేను ఖాళీ పట్టా ముందు ఎంతసేపు నిలబడ్డానో, మమ్మల్ని తీసుకుపోయిన అరుణజ్యోతి మేడం వచ్చి చెయ్యి పట్టుకుంది. ఒంటి మీద కాఫీ పొడి రంగు చీర ఒకటే మిగిలింది. రాత్రి ఉతకడం, పొద్దున తడిగానే కట్టుకోవడం, సోమవారం అదీ సరిపోక గోడకు తగిలించిన వెంట్రుకలు ఆరబెట్టే మిషన్‌తో జాకెట్ ఆరబెట్టబోతే చంక కింద రూపాయంత బొక్క పడింది. సోమవారం సాయంత్రం పెద్ద బజారులో కరెంటు మెట్లు ఎక్కుతుంటే కుచ్చిళ్ళ అంచు దంతెల మధ్య పోయింది, ఎవరో ఎర్ర బటన్ నొక్కారు, మెట్లు ఆగేసరికి జానెడు చీర మిషన్ తినేసింది. చుట్టూ మనుషులు ఫొటోలు తీశారు. మా సిద్దమ్మ, మంచాల సిద్దమ్మ, నా గదిలో ఉన్న మనిషి, తన కొంగు నాకు అడ్డం పెట్టి వాళ్ళందరినీ తెలుగులో తిట్టింది. అన్నీ నవ్వుకునే సంగతులే. ఇప్పుడు వరసగా తలచుకుంటుంటే మాత్రం ఒక్కో బట్టా నా ఒంటి మీది నుంచి ఎవరో తీసుకుంటూ పోయినట్టు అనిపిస్తోంది. ముందు సంచి, తర్వాత జాకెట్, తర్వాత చీర. తర్వాత ఏమిటి?

మంగళవారం పొద్దున నేను గదిలోంచి బయటికి రాలేకపోయాను. చీర చిరిగింది, జాకెట్ కాలింది, సిద్దమ్మ జాకెట్ నాకు భుజం దాకా కూడా ఎక్కలేదు. అందరూ పోయారు. ముత్యాలు లుంగీ చంకల దాకా బిగించి కట్టుకుని మంచం మీద కూర్చున్నాను. గళ్ళ లుంగీ, మోకాలి దగ్గర బీడీ కాలిన చుక్క, ఎంత ఉతికినా పోని చెరువు నాచు వాసన. ఇరవై ఏడేళ్ళుగా వాడి లుంగీలు ఉతుకుతున్నాను, కట్టుకున్నది అదే మొదలు. ఒక్కదాన్నే ఆ అద్దం ముందుకు పోయి ఇటు ఒకసారి అటు ఒకసారి తిరిగాను, నవ్వొచ్చింది, మంచం ఎక్కి ఆ లుంగీ ముక్కు దాకా లాక్కుని పడుకున్నాను, నిద్ర పట్టింది. పగటిపూట నేను పడుకున్నది ఎప్పుడు? సిద్దమ్మ, మేడం మధ్యాహ్నం ఈ ప్యాంటు చొక్కా పట్టుకొచ్చారు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎలా కట్టుకుంటావని సిద్దమ్మ పట్టు పట్టింది. ఆ దేశంలో పసుపు ఎక్కడ దొరుకుతుంది, తన మామిడికాయ తొక్కు డబ్బా తీసి, ఇందుల కూడ పసుపు ఉంటది అని వేలితో నూనె తీసి ప్యాంటు అంచుకు అద్దింది. ఆ మరక ఇప్పటికీ ఎడమ కాలి అంచున ఉంది, ఘాటు వాసన కూడా ఉంది. మా దగ్గర చేతి రుమాలు కొన్నా మూలకు పసుపు బొట్టు పెట్టిందాకా వాడరు, అంత పట్టింపు.

"అక్కా" అన్నాడు పరమేష్, ముందుకే చూస్తూ. రావిర్యాల దిగే దారి బోర్డు వెనక్కి పోతోంది. "ముంగట పెట్రోల్ బంక్ ఉన్నది. జర ఆపుతడు. నువ్వు చీర కట్టుకో."

"ఎందుకు? గిది మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. ఇంటికాడ అందరు ఉంటరు గద."

"అందరంటే ఎవరు రా?"

దయాకర్ అద్దంలోంచి నన్ను చూసి వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు. ఆపొద్దు, పోనీయ్ అన్నాను, నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. బంకు వచ్చింది, పోయింది. ప్యాంటు జేబులో నా చెయ్యి మెట్టెల మీద ఉంది.

నలభై ఆరేళ్ళకు నాకు జేబు దొరికింది. ఇది కూడా ముత్యాలుకు చెప్పాలి. నడుముకు దోపుకునే సంచి కాదు, జాకెట్లో కుక్కుకునే నోటు కాదు, చెయ్యి పెట్టి హాయిగా నిలబడే జేబు. బుధవారం చేప పిల్లల కేంద్రానికి తీసుకుపోయారు. లోపలికి పోవాలంటే రబ్బరు బూట్లు వేసుకోవాలి, ఉంగరాలు మెట్టెలు తీసెయ్యాలి, నీళ్ళకు రోగం అంటుతుందట. మెట్టెలు తియ్యనన్నాను. అందరూ తీశారు, నా ఒక్కదాని కోసం పదకొండు మంది ఎండలో నిలబడ్డారు, తీశాను. పెళ్ళయిన నాటి నుంచి వేళ్ళకు పట్టేసినవి సబ్బు నీళ్ళు పోస్తే జారి వచ్చాయి, కింద చర్మం తెల్లగా చిన్నపిల్ల చర్మంలాగా ఉంది. వాటిని జేబులో వేసుకున్నాను. బయటికి వచ్చాక కాళ్ళు ఉబ్బి ఎక్కలేదు, ఇప్పటికీ ఎక్కలేదు. అది ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానా అని ఆ క్షణమే అనిపించింది. ఆ తర్వాత పడవ మీద సిద్దమ్మ ఫొటో తీసింది, ఒక చెయ్యి జేబులో, ఒక చెయ్యి నడుము మీద, గాలికి చొక్కా ఎగురుతోంది, నేను నవ్వుతున్నాను. నేనేనా అనిపించింది. ముత్యాలుకు పంపాను. చూశాడా చూశాడా అని తమ్ముడికి పది మెసేజ్‌లు పెట్టాను. సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు ముత్యాలు ఫోన్ నుంచి వచ్చింది. మంచిగున్నవ్.

ఒక్క మాట. ఇరవై ఏడేళ్ళలో ఒక్క మాట. నేను ఆ మాటను గదిలో, బస్సులో, అన్నం ముందు కూర్చుని, విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు చూసుకున్నాను. ఇప్పుడు కూడా ఫోన్ తీసి చూస్తున్నాను. వాడు ఐదో తరగతి చదివాడు, అక్షరాలు నొక్కడు, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాటలు పంపుతాడు, లేకపోతే బొటనవేలు బొమ్మ. గొంతు పట్టేసింది కదా, అందుకే నొక్కి ఉంటాడు. లేకపోతే మీర్‌పేట్ నుంచి బిడ్డ భవాని వచ్చి ఉంటుంది, నాయన చెప్తే అది నొక్కి ఉంటుంది. వచ్చి ఉంటే నాకెందుకు చెప్పలేదు? మూడు రోజులుగా దాని ఫోన్ పాడైందట. వాడి గొంతు పాడైంది, దాని ఫోన్ పాడైంది. అయినా సరే, ఆ మాట ఉంది. బుధవారం ఏడూ పదికి మనిషి ఉన్నాడు, నా ఫొటో చూశాడు, మంచిగున్నవ్ అన్నాడు. నేను దాన్ని పట్టుకుని ఉన్నాను, చేతిలో ఫోను, జేబులో మెట్టెలు.

మరి అదే రాత్రి మరదలు, పరమేష్ పెళ్ళాం ఉమారాణి ఎందుకు ఫోన్ చేసింది? "వదినే, నీ ఆది జాకెట్ ఏ పెట్టెల ఉన్నది?" అంది. కొలతకు ఇచ్చే జాకెట్. ఎందుకే అంటే, ఊకెనే అంది. ఊరికే ఎవరైనా ఆది జాకెట్ అడుగుతారా? టైలరుకు జాకెట్ ఇస్తారు కాబట్టి అడుగుతారు. తల్లిగారింటి నుంచి నాకు చీర కొంటున్నారు కాబట్టి జాకెట్ కుట్టిస్తారు. తల్లిగారింటి చీర ఎప్పుడు వస్తుంది? ఒడిబియ్యం పోసేటప్పుడు వస్తుంది, ముత్తైదువ అయిన ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి దీవించేటప్పుడు. నాకు ఒడిబియ్యం పోసి ఐదేళ్ళు దాటింది, పొయ్యాలి పొయ్యాలి అని తమ్ముడు ఏడాదిగా అంటున్నాడు, నేను విదేశం పోయి వస్తున్నానని ఇప్పుడు పోస్తున్నాడేమో. ఆ రాత్రి అదే అనుకుని సిద్దమ్మకు కూడా చెప్పాను. సిద్దమ్మ నవ్వింది. తెల్లారి గురువారం నుంచి సిద్దమ్మ నవ్వలేదు. మేడం దాన్ని పక్కకు పిలిచి ఏదో చెప్పిన తర్వాత నవ్వలేదు. మేడం అయితే మంగళవారం సాయంత్రం నుంచే మారింది, నా పక్కనే తింటోంది, నా గది తలుపు రెండుసార్లు తట్టి పడుకున్నవా నీలమ్మా అంటోంది, తన శాలువా తెచ్చి కప్పింది. విమానంలో నాకు కిటికీ పక్క సీటు ఇప్పించింది. విడిపోయేటప్పుడు పదకొండు మందీ వరసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు, ఒక్కరూ ప్యాంటును చూసి మాట అనలేదు. సిద్దమ్మ ఏడ్చింది. మంచాలకు ఇబ్రహీంపట్నానికి ఎంత దూరం, మళ్ళీ బుధవారం అంగడికి వస్తావు కదే, ఎందుకు ఏడుస్తావ్ అన్నాను. తల్లిగారింటి చీర ఇంకెప్పుడు వస్తుందో నాకు తెలుసు. మా అమ్మకు వచ్చింది. మా పెద్దమ్మకు వచ్చింది. మొగుడు పోయినప్పుడు వస్తుంది.

కవరు నా ఒళ్ళోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆదిబట్ల వైపు పెద్ద పెద్ద షెడ్లు వెనక్కి పోతున్నాయి, నా వేళ్ళు కవరు ముడి విప్పుతున్నాయి. తెల్ల చీర కాదు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. కానీ ఇదేం రంగు? లేత గోధుమ రంగు, సన్నటి అంచు. ఉమారాణికి నా రంగులు తెలుసు. ఈ చీర కట్టుకుని చేపల ముందు అరగంట కూర్చుంటే చీరంతా మరకలే. ఈ చీర చేపల ముందు కూర్చోవడానికి కొన్నది కాదు, ఎక్కడికీ పోకుండా ఒక మూల కూర్చునేదానికి కొన్నది. జాకెట్ ఒక్క రాత్రిలో కుట్టింది, లోపల దారాలు కత్తిరించలేదు, హుక్కులు నాలుగే ఉన్నాయి. నేను ఒక మూల విప్పి చూశాను. రెండో మూల చూశాను. చీర మొత్తం మడతలు విప్పి, కొంగు మూలలు, లోపలి మూలలు, జాకెట్ అంచు, వేలితో తడిమి తడిమి చూశాను. ఒడిబియ్యం చీర అయితే దుకాణంలోంచి వచ్చిన వెంటనే మూలకు పసుపు పెడతారు. సిద్దమ్మ ఆ దేశంలో తొక్కు నూనె వెతికింది. మా మరదలు ఇంట్లో పసుపు డబ్బా నిండా ఉంటుంది. నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి.

చీర మళ్ళీ మడిచాను. దుకాణంవాడు మడిచినట్టే, అంచుకు అంచు కలిపి మడిచాను. పసుపు మరిచిపోయి ఉంటారు. హడావిడిలో మరిచిపోతారు. ఇంట్లో జ్వరం మనిషి ఉంటే ఎవరికి గుర్తుంటుంది. ముత్యాలూ, నువ్వు పెట్టిన మాట ఉంది కదా, నేను ఈ చీరను నమ్మాలా నిన్ను నమ్మాలా? బొంగ్లూరు గేటు దగ్గర ఔటర్ దిగాం. సాగర్ రోడ్డు మీద కాలేజీ బస్సులు, పిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకుని ఊగుతున్నారు, మంగల్‌పల్లి, శేరిగూడ, ఇడ్లీ బండ్ల మీద పొగ, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, ఊరు ఎప్పటిలాగే ఉంటే నా ఇల్లు కూడా ఎప్పటిలాగే ఉండాలి కదా. దయాకర్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు నిలబడ్డ రామచంద్రయ్య, చేపలు కిలోకు పావు తక్కువ తూచానని నాతో ఎప్పుడూ కొట్లాడే రామచంద్రయ్య, కారులో నన్ను గుర్తుపట్టి గ్లాసు కింద పెట్టి చేతులు జోడించాడు. నాకు చేతులు జోడించడం ఏమిటి? కోపం వచ్చింది. కిటికీ దించి ఏం పెద్దమనిషీ అని అడగాలనిపించింది, కారు మలుపు తిరిగింది.

మలుపు తిరిగితే చెరువు కనిపిస్తుంది. నిండు చెరువు, ఈసారి వానలకు అలుగు దాకా వచ్చిన నీళ్ళు. ఈ టైముకు నలభై తెప్పలు నీళ్ళ మీద ఉండాలి. శుక్రవారం అయినా ఆదివారం అయినా, వాన పడినా, ఎవరింట్లో పెళ్ళి ఉన్నా, కడుపు కాలేవాడు ఒక్కడైనా వల వేస్తాడు. నీళ్ళ మీద ఒక్క తెప్ప కూడా లేదు. అన్నీ కట్ట మీదికి లాగి వరసగా బోర్లించి ఉన్నాయి. వలలు ఎవరూ విప్పలేదు. మావాళ్ళు ఇలా చేసేది ఒక్కందుకే. మాలో ఒకరిని సాగనంపే రోజు చెరువులో చెయ్యి పెట్టరు. కొంగలు మాత్రం అంచున దిగి ఉన్నాయి.

"పరమేషా" అన్నాను.

"ఆ."

"ఎప్పుడు రా?"

ఏంది ఎప్పుడు అని వాడు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. సీటు మీద ముందుకు వంగి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. దయాకర్ కారు పక్కకు తీసి ఆపాడు.

"మంగళారం పొద్దుగాల. ఎనిమిది అయితుండె. కట్ట మీద వల చిక్కు తీస్తుండె అక్కా. గట్లనే పక్కకు ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయినం, అయిపోయిందన్నరు. ఆడనే ఐస్ పెట్టెల పెట్టిచ్చినం, ఇయ్యాల పొద్దుగాలనే ఇంటికి తెచ్చినం. ఒక్కదానివి గంత దూరంకెళ్ళి ఎట్ల వస్తవని మేడం తోని చెప్పి..."

మంగళవారం ఎనిమిది. అక్కడ తొమ్మిదిన్నర. నేను వాడి లుంగీ ముక్కు దాకా లాక్కుని పడుకున్న టైము. మెట్టెలు తీసింది బుధవారం. వాడు పోయింది నా వల్ల కాదు. నేను తీయక ముందే పోయాడు. రెండు రోజులుగా జేబులో మోస్తున్న ఆ భయం ఒక్కసారి దిగిపోయింది. దిగి, దాని చోట ఇంకొకటి కూర్చుంది. మంగళవారం ఎనిమిదికి పోయినవాడు బుధవారం ఏడూ పదికి ఎలా...

"గా ఫొటోకు మంచిగున్నవ్ అని పెట్టింది ఎవరు?"

"నేనే" అన్నాడు పరమేష్. ఇప్పుడు ఏడుస్తున్నాడు. "బావ చూసిండా, బావ ఏమన్నడు అని నువ్వు పదిసార్లు అడిగితివి. నేనేం జెయ్యాలె అక్కా. ఆయన ఫోన్ నా చేతుల ఉండె."

పోయినందుకు ముత్యాలు మీద రాని కోపం నా తమ్ముడి మీద వచ్చింది. వాడి వీపు మీద ఒక్కటి కొట్టాను, ఇంకొకటి కొట్టాను, తర్వాత నా చెయ్యి వాడి వీపు మీదే ఉండిపోయింది. ఆ మాట మీద నేను రెండు రోజులు బతికాను. ఆ మాట వాడిది కాదు. వాడు ఫొటో చూడలేదు. పడవ మీది నవ్వు, జేబులో చెయ్యి, ఎగిరే చొక్కా, ఏదీ చూడలేదు. అంతకు ముందు రోజే తల పక్కకు వాల్చేశాడు. నాకు ఎవరూ ఏమీ అనలేదన్నమాట. ఇరవై ఏడేళ్ళలో ఒక్క మాట కూడా లేదన్నమాట.

"పోనీయ్ దయాకర్" అన్నాను.

"జర చీర కట్టుకో అక్కా" అన్నాడు పరమేష్ ముక్కు తుడుచుకుంటూ. "మంది చూస్తరు."

సందు మొదట్లో టెంటు వేశారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పక్క కట్టెల పొగ. కారు ఆగగానే కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి, అందరూ లేచారు. భవాని పరుగెత్తుకుంటూ వచ్చి నా మీద పడింది, నేను దాన్ని పట్టుకున్నాను, ఏడుపు ఇంకా నాదాకా రాలేదు, ఎక్కడో ఆగింది. ఆడవాళ్ళు ఏడుస్తూ ఏడుస్తూ నా కాళ్ళ వైపు చూశారు, ప్యాంటు వైపు చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉమారాణి గబగబా వచ్చి కారులోంచి కవరు తీసింది. "వదినే, పక్కింట్లకు పోదాం రా. జల్ది కట్టుకుందువు" అంది చెవిలో.

"తర్వాత కడత. నీ చేతులనే ఉండనీయ్" అన్నాను. "మీ అన్న గిది ఇంక చూడలే."

ఏమనుకుందో, పక్కకు జరిగింది. టెంటు కింద నడిచాను. గాజు మూత పెట్టె గుమ్మం ముందు ఉంది, మిషన్ చిన్నగా గుయ్యిమంటోంది, మూత మీద చెమట పట్టింది. భవాని శాలువా అంచుతో మూత తుడిచింది. లోపల వాడు ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్ళు మూసే ఉన్నాయి, వల చిక్కు తీస్తున్నప్పుడు కిందికి చూసినట్టే ఉన్నాయి. నేను పెట్టె ముందు నిలబడి జేబులోంచి చెయ్యి బయటికి తీశాను. ఇటు ఒకసారి తిరిగాను. అటు ఒకసారి తిరిగాను. వెనక ఎవరో అయ్యో దీనికి మతి పోయిందే అన్నారు. ప్యాంటు అంచున తొక్కు నూనె వాసన వస్తోంది.

ఎవరికి చూపిస్తవే, చేపలకా?

"నీకే" అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది.